కుర్చీని తక్కెడకు వేలాడదీసిన వైద్యుడు

మా వార్డులో పొద్దున్నే జరిగే మొదటి పని బరువు చూడటం. గుండె బలహీనపడినవాళ్లు, కాళ్లకు నీరు పట్టినవాళ్లు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు ఒక్కొక్కరే మిషన్ ఎక్కుతారు. మందులివ్వకుండా ఈ తూకాల గోలేమిటని రోగి వెంట వచ్చినవాళ్లు విసుక్కుంటుంటారు. ఈ తూకం వెనక నాలుగు వందల ఏళ్ల నాటి ఓ వైద్యుడి మొండితనం ఉందని వాళ్లకు చెప్పే తీరిక ఓపీ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది? అందుకే ఇక్కడ చెబుతున్నాను.

ఆయన పేరు శాంటోరియో శాంటోరియో. అచ్చుతప్పు కాదు, పేరూ ఇంటిపేరూ ఒకటే. 1561లో కాపోడిస్ట్రియాలో పుట్టాడు. అప్పట్లో అది వెనిస్ రాజ్యంలోది. ఇప్పుడు స్లొవేనియాలో ఉంది, పేరు కోపర్. పాదువా విశ్వవిద్యాలయంలో చదివి 1582లో వైద్య పట్టా తీసుకున్నాడు. వెనిస్‌లో ప్రాక్టీసు పెట్టాడు. గెలీలియో ఆయనకు బాగా తెలిసినవాడు.

ఆ రోజుల్లో జ్వరం ఎంతుందో వైద్యుడి అరచెయ్యి చెప్పాలి, నాడి వేగం వేలికొస చెప్పాలి. ఒకరికి ఎక్కువనిపించింది మరొకరికి మామూలుగా అనిపించేది. శాంటోరియోకు ఇది నచ్చలేదు. సెకన్ల ముల్లున్న గడియారం వాడుకలో లేని కాలంలో దారానికి గుండు కట్టి ఊపాడు. ఊపు నాడితో కలిసేదాకా దారం పొడవు మార్చేవాడు. ఆ పొడవే నాడి లెక్క. గాలి వ్యాకోచంతో పనిచేసే గాజు గొట్టానికి గీతలు పెట్టి, గుండ్రటి కొసను రోగి నోట్లో ఉంచి వేడిని కొలిచాడు. మన ఇంట్లోని థర్మామీటరుకు తాతల్లాంటి పరికరాల్లో అదొకటి.

ఇవన్నీ ఒక ఎత్తు, కుర్చీ ఒక ఎత్తు. పైకప్పుకు బిగించిన పెద్ద తక్కెడ దండానికి ఒక కుర్చీని వేలాడదీశాడు. అందులో కూర్చునే భోంచేసేవాడు. తినాల్సినంత తినగానే కుర్చీ కాస్త కిందికి దిగేలా ముందే తూకం సరిచేసుకునేవాడు. కుర్చీ దిగిందంటే కంచం పక్కన పెట్టెయ్యాల్సిందే. (పెళ్లి భోజనాల్లో ఇలాంటి కుర్చీలు వేస్తే మా షుగర్ క్లినిక్‌లో రద్దీ కొంత తగ్గుతుందేమో.) తిన్నదీ తాగిందీ తూచాడు, మల మూత్రాలు తూచాడు, తననూ తూచుకున్నాడు. ఒకరోజూ రెండ్రోజులూ కాదు, పాతికేళ్లకు పైగా. చుట్టుపక్కలవాళ్లు ఏమనుకున్నారో ఊహించుకోవచ్చు.

లెక్క ఎప్పుడూ తేలలేదు. లోపలికి వెళ్లినదానికీ కంటికి కనిపించేలా బయటికొచ్చినదానికీ మధ్య పెద్ద తేడా. రోజుకు 8 పౌండ్ల తిండీ నీళ్లూ తీసుకుంటే, అందులో సుమారు 5 పౌండ్లు ఏ దారినా కనిపించకుండానే పోతోంది. దాన్ని ఆయన కనిపించని చెమట అన్నాడు. నోటి ముందు గాజు పెడితే పట్టే తేమను చూసి, ఇందులో కొంత ఊపిరితోనూ పోతోందని గుర్తించాడు. 1611లో పాదువాలో ప్రొఫెసర్ అయ్యాడు. 1614లో ఈ లెక్కలన్నిటి సారాన్ని చిన్న పుస్తకంగా వేశాడు. అది యూరప్ అంతటా మళ్లీ మళ్లీ అచ్చయింది.

ఆయన చెప్పిందంతా ఒప్పు కాదు. కనిపించని చెమట ఆగిపోవడమే చాలా జబ్బులకు మూలమని నమ్మాడు. అది తప్పు. ఊపిరితో లోపలికి ఆక్సిజన్ వెళ్తుందనీ, కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుందనీ ఆయనకు తెలిసే వీల్లేదు. ఆ సంగతి తేలడానికి 18వ శతాబ్దం చివర్లో లావోయిజర్ రావాల్సి వచ్చింది. పది కిలోల కొవ్వు కరిగితే అందులో ఎనిమిది కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలోనే పోతుందంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు, చెమటలో పోతుందనుకుంటారు.

ఇక నా సంగతి. పీజీ చదివే రోజుల్లో, మండే మే నెలలో, న్యుమోనియాతో ఒక పెద్దాయన చేరాడు. రెండ్రోజులుగా 103 జ్వరం, ఎగఊపిరి. చార్టులో ఎక్కించిన సెలైన్, పోసిన మూత్రం దాదాపు సమానంగా ఉన్నాయి. సరిపోయిందనుకున్నాను. మూడో రోజుకు ఆయన మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాడు. కొడుకు పిలిచినా పలకలేదు. నాలుక చెక్కలా ఎండింది, రక్తంలో సోడియం పెరిగిపోయింది. మా ప్రొఫెసర్ చార్టు చూసి, చర్మం నుంచీ ఊపిరి నుంచీ పోయిన నీళ్లను ఏ గడిలో రాశావని అడిగారు. ఆ గడే లేదు. మామూలు మనిషికే రోజుకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా అలా పోతుంది. జ్వరం ఒక్కో సెల్సియస్ డిగ్రీ పెరిగినప్పుడల్లా సుమారు పదో వంతు ఎక్కువవుతుంది. వేగంగా ఊపిరి పీలుస్తుంటే, గదిలో వేడి ఉంటే ఇంకా ఎక్కువ. నీళ్లు నెమ్మదిగా సరిచేశాక నాలుగో రోజుకు పెద్దాయన కొడుకును పేరు పెట్టి పిలిచాడు. అప్పటిదాకా నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఇంట్లో ముసలివాళ్లకో పసిపిల్లలకో జ్వరమొస్తే మూత్రం పోస్తున్నారు కదా అని నీళ్ల సంగతి వదిలెయ్యకండి. మూత్రం తగ్గినా, ముదురు పసుపుగా వస్తున్నా, నాలుక ఎండినా, మత్తుగా ఉన్నా ఆస్పత్రికి తీసుకురండి. గుండె జబ్బువాళ్లది దీనికి తిరగబడ్డ లెక్క. వాళ్లు రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చి, టిఫిన్‌కు ముందు, ఒకే మిషన్ మీద బరువు చూసి రాసుకోవాలి. ఒక్క రోజులో కిలోకు పైగానో, వారంలో రెండు కిలోలకు పైగానో పెరిగితే అది కండ కాదు, నీరు. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా డాక్టరుకు చెప్పాలి. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు నీళ్లెంత తాగాలో వాళ్ల డాక్టరునే అడగాలి, పక్కింటివాళ్లను కాదు.

శాంటోరియో 1624లో ప్రొఫెసర్ పదవి వదిలి వెనిస్ వెళ్లిపోయాడు. 1636లో అక్కడే పోయాడు. ఆయన తూచి చూసిన కనిపించని నష్టానికి మా వార్డు చార్టులో ఇప్పుడొక గడి ఉంది. దాన్ని నేనే స్కేలు పెట్టి గీశాను.