మల్కిభరాముడైన ఇబ్రహీం కుతుబ్ షా

మన సంఘ సభ్యుల ఇళ్లలో తరచు వినబడే వాదన ఒకటున్నది. పిల్లవాణ్ణి ఉర్దూలో వేయాలా, తెలుగులో వేయాలా అని. మేము ఉర్దూ మీడియం పంతుళ్లం గనుక తీర్పు మమ్మల్నే చెప్పమంటారు. తెలుగు మనది కాదన్నట్టుగా మాట్లాడే పెద్దలు కూడా లేకపోలేదు. అట్టివారి కోసమే ఈ ఏడు ఇబ్రహీం కుతుబ్ షా జీవితం రాస్తున్నాము.

1543లో గోల్కొండ సుల్తాను కులీ కుతుబ్ షా హత్యకు గురైనాడు. కుట్ర చేసినవాడు కన్నకొడుకు జంషీదే. తమ్ముడైన ఇబ్రహీం అప్పుడు దేవరకొండలో ఉన్నాడు. ప్రాణభయంతో బీదరుకు, అక్కడ నుండి విజయనగరానికి పారిపోయినాడు. అళియ రామరాయలు ఆయన్ను అతిథిగా ఆదరించి ఏడేళ్లు పెట్టుకున్నాడు. ఇంట్లో ఫార్సీ, దక్కనీ విని పెరిగిన షాజాదాకు తెలుగు కవిత్వం మీద మోజు కలిగింది అక్కడే. దిక్కులేని రోజుల్లో అంటుకున్న భాష అది.

1550లో జంషీదు చనిపోయినాడు. తెలుగు నాయకవారీల అండతో ఇబ్రహీం తిరిగి వచ్చి తఖ్తు ఎక్కినాడు. తెలుగును మాత్రం విజయనగరంలో వదిలి రాలేదు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చినాడు. కందుకూరి రుద్రకవికి చింతలపాలెం గ్రామం దానంగా దక్కింది. ఇబ్రహీం అనే పేరు తెలుగు నోళ్లలో నలిగి మల్కిభరాముడైంది. కవులు ఆ పేరుతోనే పద్యాలు కట్టినారు. సుల్తానును చూసి సర్దారులు కూడా. పటాన్‌చెరులో ఉండిన అమీన్ ఖాన్‌కు పొన్నగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రను అంకితం చేసినాడు. సంస్కృతపదాలు వదలి అచ్చతెలుగులో రాసిన మొదటి కావ్యం అదే. అచ్చతెలుగు తొలికావ్యాన్ని అందుకున్నవాడు ఒక ఖాన్‌సాహెబు! ఈ సంగతి మేము క్లాసులో చెబితే పిల్లలు నమ్మలేదు, రెండోసారి చెప్పమన్నారు.

ఇక దాచకూడని సంగతి. 1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో, అన్నం పెట్టిన రామరాయల మీదికే తక్కిన సుల్తానులతో కలిసి ఇబ్రహీం కత్తి ఎత్తినాడు. ఆ యుద్ధంలో రామరాయలు హతుడైనాడు. రాజ్యాల తగాదాలు ఎన్ని చెప్పినా ఈ పని మాకు మింగుడుపడదు. అయితే ఆ ఇంట నేర్చిన భాషను ఆయన శత్రువు భాష అనుకోలేదు. యుద్ధం రాజుతో జరిగింది, నుడితో కాదు.

కట్టడాల సంగతి అందరికీ తెలిసిందే. 1562 ప్రాంతంలో హుస్సేన్‌సాగర్, 1578లో మూసీ మీద పురానాపూల్ ఆయన ఏలుబడిలోనివే. 1580లో ఆయన కన్నుమూసినాడు. కొడుకు మహమ్మద్ కులీ దక్కనీలో పెద్ద దీవానే రాసినాడు. ఆ వంశపు తర్వాతి సుల్తానుల ఫర్మానాలలో ఫార్సీతో పాటు కింద తెలుగు కూడా కనిపిస్తుంది. రైతుకు అర్థం కావాలి గదా!

పోయిన ఏడు పిల్లలను గోల్కొండ సమాధులకు తీసుకుపోయినాము. ఇబ్రహీం సమాధి దగ్గర ఒక పిల్లవాడు నోటుబుక్కు తీసి ఆయన పేరు ఉర్దూలో రాసుకున్నాడు. కాసేపు ఆగి, దాని కింద తెలుగులో మల్కిభరాముడు అని రాసి, ఒత్తు సరిగా పడిందో లేదో చూడమని మాకు చూపించినాడు.