బౌలింగ్ బాలూది, కెప్టెన్సీ వేరొకరిది

భారత క్రికెట్‌లో తొలి గొప్ప బౌలర్ ఒక దళితుడు. పేరు పలవంకర్ బాలూ. దువ్వాడ, గాజువాక, ఉక్కునగరం మైదానాల్లో సాయంత్రం పూట బంతి తిప్పే కుర్రాళ్లకి విజ్జీ పేరు తెలుసు, సి.కె. నాయుడు పేరు తెలుసు. బాలూ పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఆయన కథ తెలుసుకోవడమంటే ఒక ఆటగాడిని గుర్తుచేసుకోవడం మాత్రమే కాదు. ఒక జట్టు బౌలింగ్ బలం ఎవరి శ్రమతో తయారవుతుందో, ఆ బలానికి దక్కాల్సిన గౌరవం ఎవరి దగ్గర ఆగిపోతుందో తెలుసుకోవడం.

బాలూ 1876లో ధార్వాడ్‌లో పుట్టారు. కులం చమార్. తోలు పని ఆ కులపు వృత్తి. మన వైపు మాదిగలతో పోల్చదగిన కులం. పెరిగింది పూనాలో. సైనికాధికారులు వాడి పడేసిన బ్యాట్లు, బంతులతో తమ్ముడు శివరామ్‌తో కలిసి ఆట నేర్చుకున్నారు. తొలి ఉద్యోగం పార్సీల క్రికెట్ మైదానంలో. పిచ్ ఊడ్చి, రోలర్ లాగే పని. జీతం నెలకు 3 రూపాయలు. తర్వాత తెల్లవాళ్ల పూనా క్లబ్‌లో చేరితే 4 రూపాయలు వచ్చాయి. అక్కడ కూడా నెట్లు కట్టడం, పిచ్ సిద్ధం చేయడమే పని. ఖాళీ దొరికినప్పుడు సభ్యులకు బౌలింగ్ వేసేవారు.

బౌలర్ తయారయ్యేది ఇలాంటి చోటే. రోజూ రోలర్ లాగే మనిషికి నేల ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ తడి ఉందో, బంతి ఎక్కడ పడితే తిరుగుతుందో కాళ్లకే తెలుస్తుంది. ఎడమ చేత్తో నెమ్మదిగా స్పిన్ వేసే బాలూ, బంతిని రెండు వైపులా తిప్పేవారు. వేగం మార్చేవారు, గాలిలో ఎత్తు మార్చేవారు. ఆనాటి పేరున్న ఇంగ్లీష్ బ్యాట్స్‌మన్ జె.జి. గ్రెగ్ మిగతావాళ్లకంటే గంట ముందే వచ్చి బాలూ బౌలింగ్‌లో సాధన చేసేవాడు. తనను అవుట్ చేసిన ప్రతిసారీ ఎనిమిది అణాలు ఇచ్చేవాడని చెబుతారు. కానీ ఆ క్లబ్‌లో ఎవరూ బాలూ చేతికి బ్యాట్ ఇవ్వలేదు. బ్యాటింగ్ దొరల ఆట, బౌలింగ్ పనివాళ్ల పని.

ఇది ఇండియాలో పుట్టిన పద్ధతి కాదు. ఇంగ్లండ్‌లో జీతం తీసుకోకుండా ఆడేవాళ్లు జెంటిల్మెన్, జీతానికి ఆడేవాళ్లు ప్లేయర్స్. బౌలింగ్ భారం ఎక్కువగా రెండోవాళ్ల మీదే పడేది. ఇంగ్లండ్ టెస్టు జట్టు 1952లో లెన్ హటన్‌ను కెప్టెన్ చేసేదాకా, ఇరవయ్యో శతాబ్దంలో వృత్తి ఆటగాడికి ఆ పదవి దక్కలేదు. ఇక్కడ ఆ వర్గభేదానికి కులం తోడైంది.

పూనాలోని హిందువులు తెల్లవాళ్ల జట్టును ఓడించాలనుకున్నారు. ఓడించాలంటే బాలూ కావాలి. ఆయన్ని తీసుకోవాలా వద్దా అని వాళ్లలో వాళ్లు తగాదా పడి, చివరికి తీసుకున్నారు. మైదానంలో అందరూ ఒకే బంతిని పట్టుకున్నారు. టీ విరామంలో మాత్రం బాలూ పెవిలియన్ బయటే ఉండాలి. మిగతావాళ్లకి పింగాణీ కప్పులు, ఆయనకి వాడి పారేసే మట్టి ముంత. భోజనానికి వేరే బల్ల. అదే మనిషి మళ్లీ లోపలికి వచ్చి వికెట్లు తీసి జట్టును గెలిపించాలి.

తర్వాత బొంబాయి చేరి రైల్వేలో ఉద్యోగం చేస్తూ అక్కడి హిందూ జింఖానాకు ఆడారు. కొందరు సభ్యులు అడ్డుపడితే కెప్టెన్ కీర్తికర్ పట్టుబట్టి తీసుకున్నారు. 1906లో హిందువులు యూరోపియన్ జట్టును 109 పరుగులతో ఓడించారు. ఆ గెలుపులో బాలూ బౌలింగే కీలకం. 1911లో పాటియాలా మహారాజు నాయకత్వంలో భారత జట్టు ఇంగ్లండ్ వెళ్లింది. మహారాజు విందులూ వేడుకల్లో మునిగి చాలా మ్యాచ్‌లు ఆడనేలేదు. జట్టు ఎక్కువ మ్యాచ్‌లు ఓడిపోయింది. భుజం నొప్పితో, 35 ఏళ్ల వయసులో బాలూ మాత్రం మొత్తం 114 వికెట్లు తీశారు. తిరిగొచ్చాక బొంబాయి దళితులు సన్మానం చేశారు. ఆ సభకు స్వాగత పత్రం రాసింది అప్పటికి ఇంకా విద్యార్థిగా ఉన్న అంబేడ్కర్ అని చరిత్రకారులు చెబుతారు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో బాలూ లెక్క 33 మ్యాచ్‌లు, 179 వికెట్లు, సగటు సుమారు 15 పరుగులు.

ఇంత చేసినా కెప్టెన్సీ రాలేదు. 1913లో కెప్టెన్ అయిన ఎం.డి. పాయ్, ఆ గౌరవం బాలూకి దక్కాల్సిందని సభలోనే ఒప్పుకున్నారు. 1920లో బాలూను జట్టు నుంచే తప్పించారు. పాయ్ జబ్బు పడితే, బాలూ తమ్ముళ్లు శివరామ్, విఠల్‌లను పక్కనపెట్టి బ్రాహ్మణుడైన డి.బి. దేవధర్‌ను కెప్టెన్ చేశారు. అన్నదమ్ములిద్దరూ ఆడబోమని తప్పుకున్నారు. కులం కారణంగానే ఈ అవమానం జరిగిందని బహిరంగంగా ప్రకటించారు. ఫైనల్‌కి జింఖానా వాళ్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. బాలూను వైస్ కెప్టెన్ చేసింది. పాయ్ మైదానం వీడిన కొంతసేపు జట్టును బాలూ నడిపారు. 1923లో విఠల్ పూర్తిస్థాయి కెప్టెన్ అయ్యారు, ట్రోఫీ గెలిచారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇరవై ఏళ్లకు పైగా తీసిన వికెట్లు తెరవలేని తలుపు, ఇద్దరు తమ్ముళ్లు ఆట మానేసి బయటికి వస్తే తెరుచుకుంది. ప్రతిభ వల్ల జట్టులో చోటు దక్కింది. అధికారం మాత్రం ఎదిరిస్తేనే దక్కింది.

బాలూ రాజకీయాల్లో ఈ పాఠం మరోలా నడిచింది. హిందూ జట్టులో ఉండే గెలవవచ్చని ఆయన నమ్మారు. ప్రత్యేక నియోజకవర్గాల విషయంలో అంబేడ్కర్‌తో విభేదించి, ఎం.సి. రాజాతో పాటు గాంధీ పక్షాన నిలబడ్డారు. 1932లో పూనా ఒప్పందం మీద సంతకం చేసినవారిలో ఆయనా ఒకరు. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ ఆయన్ని బొంబాయిలో అంబేడ్కర్ మీదే నిలబెట్టింది. అంబేడ్కర్‌కు 13,245 ఓట్లు, బాలూకు 11,225. ఆట మైదానంలో బాలూను వాడుకున్నట్టే కాంగ్రెస్ కూడా వాడుకుందని అనుకోవడానికి ఆస్కారం ఉంది. కానీ ఆయన్ని ద్రోహిగా చూడటం సరికాదు. మట్టి ముంత నుంచి వైస్ కెప్టెన్సీ దాకా నడిచిన మనిషికి, జట్టు లోపలే మార్పు వస్తుందని అనిపించడం సహజం. ఆ మార్పు ఎంత నెమ్మదిగా వస్తుందో, ఎవరి దయ మీద ఆధారపడుతుందో అంబేడ్కర్ చూశారు.

అమెరికా బేస్‌బాల్‌లోనూ ఇదే కథ. నల్లజాతి పిచర్ సాచెల్ పేజ్‌కి పెద్ద లీగ్‌లో చోటు దొరికేసరికి 1948 వచ్చింది, వయసు 42 దాటింది. ఆ ఏడాదే ఆయన జట్టు క్లీవ్‌లాండ్ చాంపియన్ అయింది. తలుపు తెరిస్తే జట్టు బలపడుతుందని తెలిసి కూడా అన్నేళ్లు మూసే ఉంచారు.

మనకు దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. దువ్వాడలో రైలెక్కితే విజయనగరం ఎంతో దూరం కాదు. ఆ రాజకుటుంబానికి చెందిన విజ్జీ 1936లో భారత జట్టుకు కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లాడు. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశాడు. ఆయన పేరు మీద విజ్జీ ట్రోఫీ పెట్టారు. పుట్టుకతో కెప్టెన్సీ దొరికిన వ్యక్తిని గుర్తుపెట్టుకున్న దేశం, బంతితో సంపాదించుకున్న వ్యక్తిని మరిచిపోయింది.

ఇప్పుడు విశాఖకు పెద్ద స్టేడియం ఉంది. పెద్ద జట్లు ఎక్కడికి వెళ్లినా నెట్స్‌లో బౌలింగ్ వేసేది స్థానిక కుర్రాళ్లే. పేరులేని ఆ బౌలర్లలో మన వాడల పిల్లలు ఎందరు? వాళ్లలో సెలెక్టర్ల ముందుకు వెళ్లగలిగేది ఎందరు? ఆ సెలెక్టర్లలో మనవాళ్లు ఎందరు? బాలూ జీవితం చదివాక ఈ లెక్కలు అడగకుండా ఉండలేం. అడగాల్సింది ఒక్క చోటు కోసమే కాదు, చోటు ఎవరికో నిర్ణయించే బల్ల దగ్గర కుర్చీ కోసం కూడా.