ప్రశ్నింప నేర్పిన గురువు: డిరోజియో

సాంఘికశాస్త్రము బోధించు తరగతిలో సామాన్యముగా వినవచ్చునది ఒక్క గొంతే. ఉపాధ్యాయుడు చెప్పును, విద్యార్థులు వ్రాసికొందురు. రాజుల పేర్లను, యుద్ధముల సంవత్సరములను వల్లెవేయుదురు. పరీక్ష ముగిసినంతనే మరచిపోవుదురు. పాఠము నడుమ ఒక బాలుడు లేచి, ఇది ఇట్లేల జరిగెనని అడిగినచో మనలో సంతోషించువారెందరు, విసుగుకొనువారెందరు? ఈ మాట తలచినప్పుడెల్ల నాకు ఒక ఉపాధ్యాయుడు జ్ఞప్తికి వచ్చును. అతడు రమారమి రెండువందల ఏండ్లకు పూర్వము కలకత్తాలో పాఠములు చెప్పి, ఇరువదిరెండేండ్లకే కన్నుమూసినవాడు.

హెన్రీ లూయీ వివియన్ డిరోజియో 1809వ సంవత్సరము ఏప్రిల్ నెలలో కలకత్తాలో జన్మించెను. తండ్రి ఫ్రాన్సిస్ పోర్చుగీసు సంతతివాడు. ఒక వర్తకసంస్థలో ఉద్యోగి. అట్టి మిశ్రమసంతతివారిని ఆనాడు ఆంగ్లేయులు తమవారిగా ఎంచలేదు, హిందువులును ఎంచలేదు. అయినను డిరోజియో ఈ దేశమునే తన మాతృభూమిగా భావించి, దాని పూర్వవైభవమును తలచి ఆంగ్లమున కవితలల్లెను. ధర్మతలాలో డేవిడ్ డ్రమ్మండ్ అను స్కాట్లండు దేశీయుడు నడుపుచుండిన పాఠశాలలో అతడు విద్య నేర్చెను. దేనినైనను తర్కించి చూచిన పిమ్మటనే ఒప్పుకొనవలెనను బుద్ధి అతనికి అచ్చటనే అలవడెను. పదునాలుగవ యేట బడి విడిచి, కొంతకాలము తండ్రి పనిచేయు సంస్థలో గుమాస్తాగా నుండెను. ఆ పని రుచింపక భాగల్పూరునకు పోయి, బంధువుల నీలిమందు కర్మాగారమున చేరెను. గంగాతీరమున కూర్చుండి వ్రాసిన పద్యములు కలకత్తాలోని ఇండియా గెజెట్ పత్రికలో వెలువడగా, అతని పేరు నగరమున వ్యాపించెను.

హిందూ కళాశాల 1817లో స్థాపితమైనది. కలకత్తాలోని సంపన్న హిందూ కుటుంబముల బాలురకు పాశ్చాత్యవిద్య గరపుటకై పెద్దలు నెలకొల్పిన సంస్థ అది. 1826లో డిరోజియో ఆంగ్ల సాహిత్యమును, చరిత్రను బోధించు ఉపాధ్యాయుడుగా అందు ప్రవేశించెను. అప్పటికతనికి పదునేడేండ్లు. అతని శిష్యులలో కొందరు అతనికంటె నాలుగైదేండ్లు మాత్రమే చిన్నవారు.

పాఠ్యగ్రంథములు అన్ని బడులలో నున్నట్టివే. గోల్డ్‌స్మిత్ రచించిన గ్రీకు, రోము, ఇంగ్లండు చరిత్రలు, రాబర్ట్‌సన్ రచించిన ఐదవ ఛార్లెసు చరిత్ర అతడు చెప్పిన పాఠములలోనివి. క్రొత్తదనము పుస్తకమున లేదు. చెప్పిన తీరున నున్నది. చరిత్రను అతడు జరిగిపోయిన కథగా గాక, న్యాయాన్యాయములను తూచి చూచు త్రాసుగా గ్రహింపజేసెను. ఒక విషయమును గూర్చి ఒక పక్షమువారి వాదమును వినిపించి, వెంటనే ఎదుటి పక్షమువారి వాదమును వినిపించును. తీర్పు విద్యార్థులకే విడుచును. తరగతి ముగిసిన పిమ్మటను బాలురు అతనిని వదలకుండిరి. వారికి అతని యింటి తలుపులు ఎల్లవేళల తెరచియే యుండెడివి. తన అభిప్రాయమును కాదన్న శిష్యునిపై అతడు కినుక వహింపలేదు. ఎగతాళి చేయుదురేమో, దండింతురేమో అను భయము తొలగిననే గదా బాలుడు నోరు విప్పుట!

1828 ప్రాంతమున గురుశిష్యులు కలిసి అకడమిక్ అసోసియేషన్ అను చర్చాసభను స్థాపించిరి. డిరోజియో దానికి అధ్యక్షుడు. పిమ్మట ఈ సభ మానిక్‌తలాలోని ఒక తోటలో జరుగుచుండెను. విధి ఉన్నదా లేదా, సత్యమనగా నేమి, విగ్రహారాధన యుక్తమా అను విషయములపై పదునాలుగు పదునైదేండ్ల బాలురు వాదించుచుండగా డేవిడ్ హేరు వంటి పెద్దలు వచ్చి వినెడివారు.

ఈ స్వేచ్ఛ పెద్దలకు కలవరము కలిగించెను. బాలురు కులాచారములను పరిహసించిరి; కొందరు నిషిద్ధాహారము భుజించిరి. నగరమున వదంతులు బయలుదేరెను. తల్లిదండ్రులు పిల్లలను కళాశాల మాన్పింపసాగిరి. 1831 ఏప్రిల్ 23న కార్యనిర్వాహక వర్గము సమావేశమై డిరోజియో విషయమును చర్చించెను. హిందువుల మనోభావములకు సంబంధించిన విషయమగుటచే సంస్కృత పండితుడు విల్సనును, డేవిడ్ హేరును తమ మతము తెలుపక మిన్నకుండిరి. అతనిని తొలగించుటయే మేలని తక్కినవారిలో అధికులు నిశ్చయించిరి. నిందితుని పిలిచి ఒక్కమాటయైన అడిగినవారు లేరు. ఎదుటివాని వాదము వినక తీర్పు చెప్పరాదని నాలుగేండ్లుగా బోధించిన గురువు తానే అట్టి తీర్పునకు గురియయ్యెను. ఏప్రిల్ 25న అతడు రాజీనామా పత్రమును పంపెను.

దేవుడు లేడని బోధించితివా, తల్లిదండ్రుల మాట వినవలదంటివా, తోబుట్టువుల వివాహము తప్పుకాదంటివా అను మూడు నిందలను గూర్చి విల్సను అతనిని ప్రశ్నించెను. ఆ మరునాడే డిరోజియో ఇచ్చిన సమాధానము ఉపాధ్యాయులెల్లరు ఎరుగదగినది. ఈశ్వరాస్తిత్వమును గూర్చి హ్యూము లేవదీసిన సందేహములను చెప్పితిననియు, వానికి రీడ్, డుగాల్డ్ స్టూవర్టులు చెప్పిన సమాధానములను గూడ చెప్పితిననియు, ఒక పక్షమును దాచి రెండవదానినే బోధించుట విద్య కాదనియు అతని వాదసారము. తండ్రి కఠినుడని మొరపెట్టుకొన్న దక్షిణారంజన ముఖర్జీకి ఓర్చుకొమ్మనియే హితవు చెప్పితిననియు తెలిపెను. మూడవ నింద వట్టి అబద్ధమని త్రోసివేసెను.

ఉద్యోగము పోయినను అతడు క్రుంగలేదు. ఈస్ట్ ఇండియన్ అను పత్రికను స్థాపించి నడిపెను. కాని ఆ యేడే డిసెంబరులో కలరా సోకెను. శిష్యులు పడక చెంతనే నిలిచి సేవ చేసిరి. డిసెంబరు 26న అతడు మరణించెను. పార్క్ స్ట్రీటు శ్మశానవాటికలో అతని సమాధి నేటికిని కలదు.

శిష్యులు తప్పులు చేయలేదని నేననను. గురువు కళాశాల వీడిన కొన్ని నెలలకే, కృష్ణమోహన బెనర్జీ ఇంట లేని సమయమున అతని మిత్రులు గోమాంసము తిని, ఎముకలను ఇరుగుపొరుగు బ్రాహ్మణుని ఇంట విసరివైచిరి. అది విమర్శ కాదు, వట్టి తుంటరితనము. ప్రశ్నించుటకును నొప్పించుటకును గల భేదమును తెలిసికొనుటకు వారికి కొంతకాలము పట్టెను. పెద్దల భయమును పూర్తిగా నిరాధారమనుట న్యాయము కాదు.

అయినను చెట్టును ఫలములను బట్టియే గదా ఎంచవలెను! ఆ బాలురే పెరిగి పెద్దవారైరి. రామతను లాహిరి ఉత్తమోపాధ్యాయుడుగా వంగదేశమున పూజలందెను. రాధానాథ్ సిక్దర్ సర్వే శాఖలో గణితజ్ఞుడై, ఎవరెస్టు శిఖరము అన్నిటికంటె ఎత్తైనదని లెక్క తేల్చినవాడుగా కీర్తి గడించెను. రామగోపాల ఘోషు మహావక్త. ప్యారీచంద్ మిత్ర వాడుకభాషలో నవల వ్రాసి వంగసాహిత్యమునకు క్రొత్తదారి చూపెను. కృష్ణమోహనుడు 1832లో క్రైస్తవమతము స్వీకరించి పండితుడుగా పేరొందెను. ఒకడు క్రైస్తవుడు, ఒకడు బ్రాహ్మసమాజీయుడు, ఒకడు వర్తకుడు, ఒకడు శాస్త్రజ్ఞుడు! ఒకే గురువునొద్ద చదివినవారు ఇన్ని తెరువుల నడచుటయే, ఆ గురువు తన అభిప్రాయమును వారి నెత్తిన రుద్దలేదనుటకు తగిన నిదర్శనము.

ఉపాధ్యాయ సోదరులారా! తరగతిని ప్రీతిపాత్రమొనర్చుటకు గోడలకు రంగులు, బల్లలకు నగిషీలు చాలవు. తప్పు చెప్పినను అవమానము కలుగదను ధైర్యము బాలునికి కావలెను. ఏ విషయమునకైనను రెండవ పక్షముండునని అతనికి తెలియవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, విద్యార్థి మనతో ఏకీభవింపకపోవుటను మనము సహింపవలెను. డిరోజియో బోధించినది నాలుగైదేండ్లే. రేపటి పాఠమున ఒక్క ప్రశ్నకు తావిచ్చుటకు మనకు అంతకాలమును అక్కరలేదు. ఒక్క నిమిషమున్న చాలును.