గిడుగు వారి సవర చదువు

గిడుగు రామమూర్తి పంతులు గారంటే మనకి వెంటనే వాడుక భాష గుర్తొస్తుంది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. నేను మాత్రం ఆయన సవర భాష కోసం పడ్డ పాట్ల గురించి రాద్దామనుకున్నాను.

ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మెట్రిక్యులేషన్ ప్యాసై, 1880లో మా పర్లాకిమిడిలో రాజావారి బడికి ఉపాధ్యాయుడుగా వచ్చారు. చుట్టూ కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ళకి చదువు చెప్పాలని ఆయన కోరిక. కాని వాళ్ళ మాట ఆయనకి రాదు. నేర్చుకుందామంటే దానికి లిపి లేదు. ఎన్నేళ్ళు పడుతుందో, చివరికి ఏమవుతుందో చెప్పేవాళ్ళూ లేరు.

తెలుగు వచ్చిన సవరని ఇంట్లో పెట్టుకుని, ఒక్కొక్క మాటే నేర్చుకున్నారు. ఆ భాషలో అచ్చుని గొంతులో ఆపి పలికే పద్ధతి ఒకటుంది. దానికి మన అక్షరాల్లో గుర్తు లేదు. ఇలాంటివన్నీ తేలాకే పని మొదలుపెడదామని ఆయన కూర్చోలేదు. తెలుగు లిపిలోనే సవర వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బళ్ళు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకి ఇంకో బడి పెట్టమన్నారట.

కొండల్లో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ మోతాదు మించడంతో చెవుడొచ్చింది. చెవితో విని నేర్చుకోవలసిన భాష, ఆ చెవులే పోయాయి! అయినా వదల్లేదు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది, ఆ తర్వాత నిఘంటువులు వచ్చాయి. అప్పటికి డెబ్బై ఏళ్ళ ముసలాయన. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు, అన్నేళ్ళున్న ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఇదంతా చదువుతుంటే నాకు నా సంగతే తోచింది. పరీక్షలవగానే నేను ఒక చిన్న బళ్ళో టీచరుగా చేరుతున్నాను. ఏ తరగతి ఇస్తారో చెప్పలేదు. వచ్చే పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారో, ఒరియానో, సవరో తెలీదు. అన్నీ తెలిశాకే వెళ్ళాలనుకుంటే ఈ ఉద్యోగం నాది కాదు. పంతులు గారు నేర్చుకుంటూనే నేర్పారు. నేనూ మొదటి వారం పాఠం తగ్గించి, పిల్లల మాటలు వింటాను. ఒక నోటు పుస్తకం కొనుక్కున్నాను, రాసుకోడానికి.