పత్రికల పక్షాన నిలిచిన పునీత టైటస్ బ్రాండ్స్మా

మీ ఇంటికి వచ్చే పత్రికలో ఏది అచ్చు కావాలో ఎవరు నిర్ణయించాలి? హాలెండు దేశంలో ఈ ప్రశ్న మీదనే ఒక గురువు ప్రాణం పోయింది.

టైటస్ బ్రాండ్స్మా 1881లో ఫ్రీస్లాండ్ ప్రాంతపు రైతు ఇంట పుట్టారు. కార్మెల్ సభలో గురువై, నైమేఖన్ కతోలిక విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. 1935 నుండి కతోలిక పాత్రికేయులకు ఆధ్యాత్మిక సలహాదారు.

1940 మే నెలలో నాజీ సైన్యం దేశాన్ని ఆక్రమించింది. వార్తాసంస్థ ఏ.ఎన్.పి. వారి అదుపులోకి వెళ్లింది. 1941 డిసెంబరులో పత్రికలకు మరో ఆజ్ఞ: డచ్ నాజీ పార్టీ ప్రకటనలను కాదనరాదు. ప్రకటనే కదా, వార్త కాదుగా అంటారా? టైటస్ గారు అలా తలచలేదు. ఆ ప్రకటన వేసిన పత్రిక ఇక కతోలిక పత్రిక కాజాలదన్నదే ఆయన మాట. ఉట్రెక్ట్ అగ్రపీఠాధిపతి డి యోంగ్ గారి సమ్మతితో లేఖ రాసి, 1942 జనవరిలో అనారోగ్యంతోనే ఊరూరా తిరిగి సంపాదకులను కలిశారు. కాదంటే వారి ఉద్యోగాలే పోవచ్చు. అదీ దాచకుండా చెప్పారు.

జనవరి 19న ఆయనను అరెస్టు చేశారు. జూలై 26న డాఖౌ నిర్బంధ శిబిరంలో విషపు సూదితో చంపారు. 2022లో పోపు ఫ్రాన్సిస్ గారు ఆయనను పునీతునిగా ప్రకటించారు. ఆ సూది వేసిన నర్సుకు ఆయన అంతకుముందే తన జపమాల ఇచ్చారు. తనకు జపం రాదన్నా వినలేదు. తరువాత ఆయన పవిత్ర జీవితం గురించి సాక్ష్యం చెప్పినవారిలో ఆమె కూడా ఉన్నది.