బడిపంతులు రహీం సాహెబు

గండికోటకు వచ్చినవారు మొదట పెన్నానది గండి అంచుకు పరుగెత్తుతారు. ఎఱ్ఱని రాతికొండలను చీల్చుకొని నది పారే ఆ లోయను తనివితీరా చూచి, జుమా మసీదును, మాధవరాయస్వామి గుడి గోపురాన్ని చూచి వెనుదిరుగుతారు. మసీదుకు దగ్గరలోనే ఉన్న ధాన్యాగారంలోకి తొంగిచూచేవారు తక్కువ. మా విద్యార్థులను తీసుకొనివెళ్ళినప్పుడెల్లా నేను వారిని ముందు అక్కడికే నడిపిస్తాను. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటకు బలమంతా ప్రాకారాలూ బురుజులే అని పిల్లలు అనుకొంటారు. ముట్టడి నెలల తరబడి సాగితే, గోడమీద నిలిచినవానిని నిలబెట్టేది గోడవెనుక నిలువచేసిన గింజలు. మన సీమవారికి ఈ సంగతి విప్పిచెప్పనక్కరలేదు. పండిన ఏట జొన్నలు పాతరలో పోసి మన్ను కప్పి, ఎండిన ఏట తవ్వితీసుకొన్న తాతలకు మనుమలం మనము.

క్రిందటి శీతకాలంలో అట్లా వెళ్ళినపుడు ఒక డిగ్రీ విద్యార్థి ఆ ధాన్యాగారం గోడనీడన ముభావంగా కూర్చున్నాడు. కారణమడిగితే, కళాశాల ఫుట్‌బాల్ జట్టులో రెండేండ్లుగా తాను ఎక్స్‌ట్రా ఆటగాడుగానే మిగిలిపోయినాననీ, ఇక జాబితాలోనుండి పేరు కొట్టివేయించుకొంటాననీ చెప్పినాడు. ఆ సాయంత్రం అతనికి చెప్పిన కథ ఇది. కథానాయకుడు ఒక హైదరాబాదు బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన మైదాన్ అనే హిందీ చిత్రం వలన ఆ పేరు మళ్ళీ నలుగురి నోట పడినది. చిత్రం చూడనివారికొరకు, చూచి అదంతా అట్లే జరిగినదని నమ్మినవారికొరకు కూడా, ఆయన జీవితాన్ని ఒకసారి ఉన్నది ఉన్నట్లు చెప్పుకోవటం మంచిది.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పట్టభద్రులైనారు. విశ్వవిద్యాలయం జట్టులోను, తరువాత ఎలెవెన్ హంటర్స్ అనే జట్టులోను, కమర్ క్లబ్బులోను ఫుట్‌బాల్ ఆడినారు. ఆటగానిగా మంచివారే కాని, ఆయన కీర్తి ఆడటంలో లేదు, ఆడించటంలో ఉన్నది. జీవనోపాధికి ఉపాధ్యాయవృత్తిని ఎన్నుకొన్నారు. కాచిగూడ మాధ్యమిక పాఠశాల మొదలుకొని కొన్ని బడులలో పాఠాలు చెప్పిన పిమ్మట, ఒక ఏడాది విరామం తీసుకొని వ్యాయామవిద్యలో డిప్లొమా సంపాదించి, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో క్రీడల బాధ్యత వహించినారు. మన బడులలో పరీక్షలు దగ్గరపడగానే డ్రిల్లు పీరియడును లెక్కల పంతులుకో ఇంగ్లీషు పంతులుకో ధారపోయటం ఆచారం. ఆ మైదానంలో ఏమి పండుతుందో తెలుసుకోవటానికి ఈ ఒక్క జీవితం చాలు.

1940ల తొలినాళ్ళలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినారు. చనిపోయేవరకు ఆ పదవిలోనే ఉన్నారు. కార్యదర్శి అనగానే కాగితాలు, రశీదులు మనకు తోస్తాయి. ఆయన దృష్టి మాత్రం చిన్నపిల్లల ఆటమీద పడినది. ఊరిలో ఆయన పెట్టించిన పోటీలు వింతగా ఉండేవి. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగలగానే తోటివానికి అందించవలసినదే. ఇంకొక పోటీలో అలవాటైన కాలితో బంతిని కొట్టరాదు. కుడికాలి వాడు ఎడమకాలితోనే ఆడవలెను. మరొకటి ఎత్తుకు హద్దు పెట్టిన పోటీ. పొడగరుల నడుమ నలిగిపోయే చిన్నవాళ్ళకు అది వేదిక. చూచేవారికి ఇవి వినోదాలు. ఆయన లెక్క వేరు. ఒక కాలితో మాత్రమే ఆడేవాడు మైదానంలో ఒక్కచోటుకే పనికివస్తాడు. రెండు కాళ్ళూ వచ్చినవాడు రెండు చోట్ల నిలబడగలడు. అట్టివారు పదిమంది ఉంటే, జట్టు మైదానంలోకి దిగినప్పుడే దానిలో మరొక సగం జట్టు దాగి ఉన్నట్లు.

ఆ రోజులలో ఈ లెక్కకు ఎంత విలువ ఉండేదో నేటి పిల్లలకు తెలియదు. ఇప్పుడు ఆట మధ్యలో అలసినవానిని పిలిచి మరొకనిని పంపటం మామూలు. ఆ కాలపు అంతర్జాతీయ పోటీలలో సాధారణంగా అట్టి వీలు ఉండేది కాదు. ఒకనికి కాలు విరిగితే పదిమందితోనే ఆట ముగించవలెను. కాబట్టి రిజర్వు బలమనేది మైదానం బయటనున్న బెంచీమీద కంటె, ఆడుతున్నవాని ఒంటిలో ఉండవలసి వచ్చేది.

ఇక ఎంపిక సంగతి. కళాశాలలోనో వీధి మైదానంలోనో మెరిసిన కుర్రవాడు పెద్దజట్టులోకి చేరటం ఎట్లా? పాశ్చాత్యులు దీనికొక పద్ధతి ఏర్పరచుకొన్నారు. 1963 జూన్ 5న కెనడాలోని మాంట్రియల్ నగరంలో, మంచుమీద ఆడే హాకీకి చెందిన ఆరు వృత్తిజట్లు కూర్చుండి, ఇంకా ఔత్సాహికులుగా ఉన్న కుర్రవాళ్ళను వంతులవారీగా ఏరుకొన్నాయి. ఆ దినం 21 మందిని పంచుకొన్నారు. మంచుహాకీలో వృత్తిజట్లు కుర్రవాళ్ళను పంచుకోవటం అట్లా మొదలై, నేడు కళాశాల ఆటగాళ్ళు కూడా ఏటేటా ఎదురుచూచే పెద్ద తంతుగా పెరిగినది. మన హైదరాబాదులో అట్టి బల్లలూ జాబితాలూ లేవు. పోలీసుశాఖలో ఒక ఉద్యోగం, నెలజీతం, సాయంత్రం మైదానం, ఇదే ఎంపిక. బీదయింటి పిల్లవానికి అది అన్నం పెట్టే ఎంపిక కూడా. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులుగా రహీం ఉన్నారు. సంఘానికి కార్యదర్శి, మేటిజట్టుకు శిక్షకుడు ఒక్కరే కావటం నేటి దృష్టికి సబబుగా తోచకపోవచ్చు. నాకును అది నిర్దోషమైన ఏర్పాటుగా తోచదు. అయితే ఊరిలో ఏ మూల ఏ పిల్లవాడు ఆడుతున్నాడో ఎరిగిన కన్ను, వానిని నిలబెట్టగల చేయి ఒక్కరికే ఉండటం వలన జరిగిన మేలు కూడా మన కళ్ళముందున్నది.

తులసీదాస్ బలరాం ఆ మేలుకు సాక్షి. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన బీద తమిళ కుటుంబపు పిల్లవాడు. అతని ఆటను చిన్న పోటీలలో చూచి రహీం రాష్ట్రజట్టు ఎంపికకు రమ్మన్నారు. అమ్ముగూడనుండి హైదరాబాదు మైదానానికి రోజూ వచ్చిపోవటానికి చేతిలో డబ్బు లేకపోతే, ఆ ఏర్పాటు కూడా రహీమే చూచినారని చెప్పుకొంటారు. ఇరవై ఏండ్ల ప్రాయంలో బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆడినాడు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు అతనిని తీసుకొనిపోయినది. హైదరాబాదు పెంచటం, కలకత్తా పిలుచుకొనటం ఆ కాలపు రివాజు. అయినా 1956-57, 1957-58 సంవత్సరాలలో వరుసగా హైదరాబాదు సంతోష్ ట్రోఫీ గెలిచినదంటే, పోయినవాని వెనుక మరొకడు ఉన్నాడనే అర్థం. సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పు గెలిచినది. ఒక ఏడు గెలవటానికి పదకొండుమంది చాలు. అయిదేండ్లు గెలవటానికి చాలరు.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో భారతజట్టు రహీం శిక్షణలో ఇరానును 1-0 తో ఓడించి స్వర్ణం గెలిచినది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1 పరాభవం. మనవారిలో పలువురు వట్టికాళ్ళతో ఆడినారు. ఆ ఓటమి తరువాత బూట్లు తప్పనిసరి చేసినారు. రహీం అంతటితో ఊరకుండలేదు. ఆనాడు ఐరోపాను ఊపుతున్న హంగరీ ఆటతీరును పరిశీలించి, సెంటర్ ఫార్వర్డును కాస్త వెనుకకు నిలిపే పద్ధతిని, తరువాత వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలిచే వ్యూహాన్ని మనజట్టుకు నేర్పినారు. ఫలితం 1956లో మెల్‌బోర్నులో కనిపించినది. ఆతిథ్యదేశమైన ఆస్ట్రేలియాను 4-2 తో ఓడించినాము. అందులో నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్ళు కొట్టినాడు. సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోలు మనది. చివరకు 4-1 తో ఓడినాము గాని, నాలుగేండ్ల క్రిందటి పది గోళ్ళను తలచుకొన్నవారికి అది ఓటమిగా తోచలేదు. కాంస్యపు పోటీలో బల్గేరియా చేతిలో ఓడి నాలుగవ స్థానంలో నిలిచినాము. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం అంతకు పైమెట్టు ఎన్నడూ ఎక్కలేదు.

1960లో రోము. హంగరీతో 2-1, పెరూతో 3-1 ఓటమి. ఫ్రాన్సుతో 1-1 సరిసమానం. ఫలితాలకంటె ఆ జట్టు జాబితాలోని ఒక పేరు నన్ను ఎక్కువగా ఆకర్షిస్తుంది: సయ్యద్ షాహిద్ హకీం. ఆయన రహీం కుమారుడు, హాఫ్‌బ్యాక్ ఆటగాడు. తండ్రి శిక్షకుడు, కొడుకు జట్టులో ఉన్నాడు. మనదేశంలో తరువాతి మాట ఏమై ఉంటుందో ఊహించటం కష్టం కాదు. అయితే ఆ స్థానాలలో కెంపయ్య, రాంబహదూర్ వంటివారు ఉన్నారు. మూడు ఆటలు జరిగినాయి. హకీంకు ఒక్క ఆటలోనైనా పిలుపు రాలేదు. తండ్రి కూర్చోబెట్టిన చోటనే కూర్చుండి ఒలింపిక్సు చూచి వచ్చినాడు. ఇది చెప్పినప్పుడు మా విద్యార్థి మొదటిసారి తలయెత్తి, ఇంటికి వచ్చిన తరువాత వాళ్ళిద్దరూ మాట్లాడుకొన్నారా అని అడిగినాడు. నేను కథ ముందుకు నడిపినాను.

1962, జకార్తా. ఈ ఘట్టం దగ్గర కొంచెము నిలువవలెను. రహీం ఒంటిలో అప్పటికే కాన్సరు ఉన్నది. ఇజ్రాయెలును, తైవానును క్రీడలకు రానీయకపోవటాన్ని మన ప్రతినిధి గురుదత్ సోంధీ విమర్శించటంతో, ఊరంతా భారతీయుల మీద కోపంగా ఉన్నది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. థాయిలాండును 4-1 తో గెలిచినాము గాని, అందులో మన స్టాపరు జర్నైల్ సింగుకు తల పగిలి కుట్లు పడినవి. జపానును 2-0 తో దాటినాము. గోల్‌కీపర్ పీటర్ తంగరాజుకు జ్వరం పట్టగా కుర్రవాడు ప్రద్యుత్ బర్మన్ నిలిచి చక్కగా కాపాడినాడు. బ్యాక్ త్రిలోక్ సింగుకు కాలివేలి గాయం.

పాతర తవ్వవలసిన వేళ వచ్చినది. తలకు కట్టుతో ఉన్న జర్నైల్ వెనుకవరుసలో ఎగిరి తలతో బంతిని ఆపలేడు; ఆపటానికి పోతే గాయం తిరగబెడుతుంది. అట్లని వానిని కూర్చోబెట్టటానికీ మనసొప్పదు. రహీం వానిని సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపినారు. జర్నైల్ చిన్ననాట ఆ చోట ఆడినవాడే. ఖాళీ అయిన స్టాపరు స్థానంలో అరుణ్ ఘోష్‌ను నిలిపినారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంమీద 3-2 గెలుపు. మూడు గోళ్ళలో ఒకటి జర్నైల్‌ది.

ఫైనలుకు ముందటి రాత్రి ఆయన ఆటగాళ్ళను పిలిచి, తమకు ఒక కానుక కావలెననీ, అది రేపటి స్వర్ణమేననీ అడిగినారని ఆ ఆటగాళ్ళు తరువాత పలుమారులు చెప్పుకొన్నారు. అంతకంటె కఠినమైన పని మరొకటి ఆయన చేసినారు. బాగా ఆడుతున్న బర్మన్‌ను ప్రక్కనుంచి, జ్వరం తగ్గిన పొడగరి తంగరాజును గోలులో నిలిపినారు. ఎత్తుగా వచ్చే కొరియా బంతులకు ఆ ఎత్తు కావలెను. బర్మన్ చేసిన తప్పు ఏదీ లేదు. సెప్టెంబరు 4న, లక్షమంది ప్రేక్షకుల ఎగతాళి కేకల నడుమ, పి.కె. బెనర్జీ మొదటి గోలు, తలకు కుట్లు పడిన జర్నైల్ రెండవ గోలు కొట్టినారు. చివరి నిమిషాలలో కొరియా ఒకటి తిరిగి కొట్టినది. 2-1. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత భారతదేశానికి స్వర్ణం రాలేదు.

తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్ 11న రహీం కన్నుమూసినారు. మాంట్రియల్‌లో ఆ మంచుహాకీ జట్లవారు కుర్రవాళ్ళను ఏరుకొన్న ఆరవనాడు. వయస్సు 53. ప్రతి స్థానానికి ఇంకొకనిని సిద్ధపరచిన ఆయన తమ స్థానానికి మాత్రం ఎవరినీ సిద్ధపరచలేదు. అది ఆయన లోపమో, ఒక్క మనిషిమీద అంత బరువు మోపి నిశ్చింతగా ఉన్న మనందరి లోపమో, నాకు రెండవదే నిజమనిపిస్తుంది. కొంతకాలం నిలువ గింజలతో ఇల్లు గడిచినది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మనజట్టు ఒకసారి సంతోష్ ట్రోఫీ గెలిచినది. మరల ఆ కప్పు మన గడ్డకు రాలేదు. 1960 తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్సు ముఖం చూడలేదు.

హకీం వాయుసేనలో స్క్వాడ్రన్ లీడరుగా పనిచేసి, అంతర్జాతీయ రిఫరీ అయినారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో పి.కె. బెనర్జీకి సహాయకునిగా మనజట్టుకు శిక్షణ ఇచ్చినారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకొని, 2021 ఆగస్టులో మరణించేవరకు కుర్రవాళ్ళకు ఆట నేర్పుతూనే ఉన్నారు. రోములో తాము ఆడని ఆ మూడు ఆటల జట్టుకు చెందినవాడననే వారు చివరిదాకా ఒలింపియన్‌గా గౌరవం పొందినారు.