సంకెళ్ళలోనూ సడలని విశ్వాసము: ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మతుల్లాహి అలైహి)

ఆపదలో దైవమును తలచుట అందరికీ సులభమే. కాని ఒక్క మాట మార్చి చెప్పినచో ఆపద తొలగునని తెలిసి కూడా, ఆ మాట పలుకక దైవముపై భారము వేయుట మహాత్ములకే సాధ్యము. అట్టి మహాత్ములలో హజ్రత్ ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ అగ్రగణ్యులు.

ఇమామ్ గారు హిజ్రీ 164, అనగా క్రీ.శ. 780లో బాగ్దాద్ నగరమున జన్మించారు. పసితనముననే తండ్రి గతించగా తల్లియే ఆయనను పెంచి, విద్యాబుద్ధులు చెప్పించినది. ప్రవక్త (సఅసం) గారి హదీసుల సేకరణకై ఆయన బస్రా, కూఫా, మక్కా, మదీనాలు తిరిగి యమన్ వరకు వెళ్ళారు. దారిలో డబ్బు అయిపోగా ఒంటెలవారి వద్ద కూలిపని చేశారే గాని, ఇతరుల సొమ్ముకు చేయి చాచలేదు. ఇరువది ఏడు వేలకు పైగా హదీసులు గల ముస్నద్ ఆయన పరిశ్రమకు ఫలము.

క్రీ.శ. 833లో ఖలీఫా మామూన్ ఒక ఆజ్ఞ జారీ చేశాడు. ఖురాన్ సృష్టించబడినదేనని న్యాయాధిపతులు, పండితులు అందరూ అంగీకరించవలెనని ఆ ఆజ్ఞ సారాంశము. దీనికే మిహ్నా, అనగా పరీక్ష, అని పేరు. ప్రాణభయముచే పండితులలో అనేకులు తలవంచారు. ఖురాన్ దైవవాక్కు అనుటకు మించి ఒక్క మాటయైనను పలుకుటకు ఇమామ్ గారు సమ్మతించలేదు. ఆయనను, యువకుడైన ముహమ్మద్ బిన్ నూహ్‌ను సంకెళ్ళు వేసి ఖలీఫా విడిదికి పంపారు. ఖలీఫా ముఖము చూడవలసిన అవసరము కలుగకుండునట్లు ఇమామ్ గారు దైవమును వేడుకొన్నారని చరిత్రకారులు వ్రాశారు. వారు మార్గమధ్యముననుండగనే మామూన్ మరణవార్త వచ్చినది!

అయితే కష్టములు అంతటితో తీరలేదు. తిరుగు ప్రయాణములో ముహమ్మద్ బిన్ నూహ్ కన్నుమూశాడు. ఇమామ్ గారు బాగ్దాద్ చెరసాలలో రెండు సంవత్సరములకు పైగా మగ్గారు. తుదకు ఖలీఫా ముతసిమ్ ఎదుట కొరడా దెబ్బలు తిని స్పృహ తప్పిపోయారు. అయినను మాట మార్చలేదు. దొంగతనమునకు ఎన్నో దెబ్బలు తిన్న ఒక దొంగ, తాను పాపము కొరకే ఓర్చుకొనగా ఆయన సత్యము కొరకు ఓర్చుకొనలేరా అని ధైర్యము చెప్పెనట. ఆ దొంగ కొరకు ఇమామ్ గారు జీవితాంతము ప్రార్థించారని చెప్పుదురు. విడుదలైన పిమ్మట తనను కొట్టించిన ముతసిమ్‌ను సైతము క్షమించారు.

క్రీ.శ. 847లో ఖలీఫా అయిన ముతవక్కిల్ కొలదికాలమునకు ఈ పరీక్షను నిలిపివేసి, ఇమామ్ గారిని సగౌరవముగా సామర్రాకు పిలిపించాడు. మమ్ములను మిక్కిలి ఆకర్షించినది ఈ ఘట్టమే. కొరడాకు వెరవని ఆయన కానుకలకు వెరచారు. రాజభవనపు విందు ముట్టక ఉపవాసములుండి కృశించారు. కుమారులు ప్రభుత్వ ధనము స్వీకరించగా, కుమారుడైన సాలిహ్ ఇంటి పొయ్యిలో కాల్చిన రొట్టెను కూడ తినుటకు నిరాకరించారు. పూర్వులనుండి సంక్రమించిన కొద్దిపాటి ఆస్తిపై వచ్చు అద్దెతోనే కాలము గడిపారు. క్రీ.శ. 855లో ఆయన పరమపదించగా బాగ్దాద్ వీధులు జనసముద్రములైనవి. అధికారము ఇవ్వజాలని గౌరవమును దైవము ఆయనకు ప్రసాదించెను.

మనము ఏటేటా పరీక్షలు వ్రాయుచున్నాము. ప్రక్కవాని కాగితము చూచినచో గట్టెక్కుదుమను ఆశ ఒకనాడు, లంచము ఇచ్చినచో ఉద్యోగము దొరకునను ఆశ వేరొకనాడు మనలను పలుకరించును. ఇమామ్ గారికి విముక్తి వెంటనే రాలేదు; వచ్చినది కూడ సుఖముగా రాలేదు. కాని నీతిని విడువనివానిని దైవము విడువడను నమ్మకము ఆయనను చెరసాలలోను, రాజభవనములోను ఒకే తీరున నిలిపినది. ఆ నమ్మకములో కొంతయైనను మనకు అలవడినచో, మన చదువు సార్థకమగునని మా విశ్వాసము.